ట్రాము టికెట్టు నుండి ట్యాప్ కార్డు వరకు: నగర ప్రయాణశుల్కములో న్యాయవిచారము

పరరాష్ట్రములలో చిరకాలముగా స్థిరపడిన మన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా దేవాలయములను గూర్చియు, కులసంఘములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, నాటకసమాజములను గూర్చియు వ్రాయుదురు. అవి వ్రాయదగినవే. కాని ఆ దేవాలయమునకు రాయి మోసిన కూలివాడు, ఆ సంఘమునకు చందా యిచ్చిన మిల్లు కార్మికుడు ప్రతిదినము ఇల్లు వెడలి పనికి పోయి వచ్చుటకు ఎంత చెల్లించెను, ఎట్లు చెల్లించెను అను ప్రశ్న మన ప్రత్యేకసంచికలలో అరుదుగా కనబడును. దినకూలిలో పదియవ భాగము బస్సుకును రైలుకును పోవు ఇంటిలో అది చిన్న విషయము కాదు.

ముంబయిలో తెలుగు మాధ్యమ పాఠశాలలో ఇరువది యేండ్లుగా ఉపాధ్యాయవృత్తిలో నున్న నాకు ఈ ప్రశ్న పుస్తకములవలన గాక ఒక విద్యార్థిని తల్లివలన కలిగినది. ఆమెది పాలమూరు జిల్లానుండి వచ్చిన కుటుంబము. కట్టడపు పనులకు పోవును. ఒకనాటి సాయంకాలము బిడ్డను తీసికొనిపోవుటకు వచ్చి, కొంగుముడి విప్పి ఒక కార్డును నా చేతికిచ్చి, "సారూ, ఇందుల ఎన్ని పైసలున్నయో జర సూడుండ్రి" అనెను. ఒక నగర రవాణాసంస్థ కొరకు ఏదో బ్యాంకు ఇచ్చిన కార్డు అది. దానిపై పేరును కొన్ని అంకెలును మాత్రమే యున్నవి. లోపల ఎంత సొమ్మున్నదో కార్డు చెప్పదు, యంత్రము చెప్పవలెను, యంత్రము స్టేషనులో నున్నది. "నాకును కనబడదమ్మా" అంటిని. "సదువుకున్న మీకే కనవడకపోతే నాకేం కనవడ్తది సారూ" అని ఆమె నవ్వి, కార్డును మరల కొంగున ముడివేసికొనెను.

ఆ మాటపై ఆలోచింపగా నాకు రెండు ప్రశ్నలు వేరువేరుగా కనబడినవి. ప్రయాణమునకు శుల్కమెంత అనునది మొదటిది. దీనిని గూర్చి సభలలోను పత్రికలలోను చర్చ ఎప్పుడును జరుగుచునే యుండును. ఒకే బండిలో, ఒకే దూరము పోవు ఇద్దరిలో ఒకరు ఎక్కువయు మరొకరు తక్కువయు చెల్లించుట ఏల అనునది రెండవది. దీనిని గూర్చి చర్చ తక్కువ. చరిత్రను పరిశీలించిన కొలది, ఎక్కువ చెల్లించువాడు తరచుగా పేదవాడే యని తెలియుచున్నది. కార్డును యంత్రమునకు చూపినంతనే శుల్కము చెల్లిపోవు నేటి పద్ధతి ఈ అన్యాయమును సరిదిద్దగలదు, పెంచనుగలదు. యంత్రము రెంటికిని సిద్ధమే. దానికి మనము విధించిన నియమము ఏది యనునదే విషయము.

ముంబయితో ప్రారంభింతము. ఈ నగరములో మనవారి నివాసము ప్రాచీనమైనది. నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి వచ్చిన కామాఠీలు ఈ నగరపు కట్టడములకు చెమటోడ్చిరి. కామాఠిపురా అను పేటకు వారివలననే ఆ పేరు కలిగినది. తరువాత పద్మశాలీలు నూలుమిల్లులలో చేరి పరేలు, వర్లీ ప్రాంతములలో స్థిరపడిరి. 1874వ సంవత్సరము మే 9వ తేదీన గుఱ్ఱములు లాగు ట్రాము ఈ నగరవీథులలో మొదటిసారిగా నడచినది. కొలాబానుండి పైధోనికి శుల్కము మూడు అణాలు. ఆరంభమున టికెట్టే లేదు. ఎక్కినవారు డబ్బు ఇచ్చుచుండిరి. కొలది కాలములోనే జనము పెరుగుటచే శుల్కమును రెండణాలకు తగ్గించిరి. చెల్లింపకుండ ఎక్కువారు హెచ్చుచున్నారని ఆ సంవత్సరముననే టికెట్టును ప్రవేశపెట్టిరి. మనము భద్రముగా చేత బట్టుకొను టికెట్టునకు జన్మకారణము ప్రయాణికునిపై అనుమానమే యన్నమాట! 1907 మే 7న విద్యుత్తు ట్రాము, 1926 జూలై 15న బస్సు వచ్చినవి. 1947 ఆగస్టు 7న ఈ సంస్థ నగరపాలక సంఘమునకు స్వాధీనమైనది. బోరీబందరునుండి దాదరుకు చివరి ట్రాము 1964 మార్చి 31న నడచినది.

ఈ తొంబది సంవత్సరములలో మన మిల్లు కార్మికులు ట్రాము ఎంత ఎక్కిరి? అంతగా ఎక్కలేదనుటయే సత్యము. మిల్లు కూత వినబడు దూరములో చాళ్ళలో కాపురముండి కాలినడకన పోవుట వారి పద్ధతి. ఒక గదిలో పదిమంది యుండుటకు కారణము అద్దె యొక్కటియే కాదు. నడచి పోగల దూరములో నుండవలెనను నిర్బంధము కూడ. 1982 జనవరిలో ఆరంభమైన గొప్ప సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడగా ఆ నిర్బంధము మరియొక విధముగా తెగినది. పని దూరమైనది, ఇల్లును దూరమైనది. తాతలు నడచిన చోట మనుమలు రెండు బస్సులును ఒక రైలును ఎక్కవలసివచ్చెను. మనవారి కుటుంబములలో ప్రయాణశుల్కము నిజమైన భారమైనది అప్పటినుండియే.

ఆ కాలపు బస్సు కండక్టరును మా తరమువారు మరువలేరు. చేతిలో రేకుపెట్టె, అందులో ధరకొక రంగు టికెట్లు, వ్రేళ్ళ నడుమ టిక్కుటిక్కుమని మ్రోగు పంచి. బస్సు ముఖముపై సంఖ్య దేవనాగరి అంకెలలో నుండెడిది. మనవారు మరాఠీ అక్షరములు రాకున్నను ఆ అంకెలు మాత్రము నేర్చికొనిరి. ఊరు కొత్తయైనవానికి కండక్టరే దుబాసీ. చేయి చూపి, పేరు పలికి, "ఇక్కడ దిగు" అని రెండు మూడు భాషలలో చెప్పెడివాడు. ఒక పైసా తక్కువైనచో కొందరు దింపివేసిరి, కొందరు విడిచిపెట్టిరి. దయ మనిషిని బట్టి యుండెను.

కండక్టరును గూర్చి ఇట్లు చెప్పుచు చిల్లరను గూర్చి చెప్పకుండుట న్యాయము కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు అణాకు ఆరుంబావు పైసలు. ఆ పావు పైసాకు నాణెము లేదు. ఆనాటినుండి నేటివరకు చిల్లర తగవు బస్సులో తీరలేదు. మిగిలిన రూపాయలను టికెట్టు వెనుక వ్రాసి యిచ్చుట, దిగు తొందరలో ప్రయాణికుడు దానిని మరచుట బెంగుళూరు, మద్రాసు సోదరులకు కూడ అనుభవమే. ఇట్లు పోయిన రూపాయలు ఎవరికిని లెక్కలేదు. కార్డు ఈ తగవును తుడిచివేసినది. ఎంత శుల్కమో అంతయే తీసికొనును. ఇది చిన్న మేలు కాదు. కార్డును నిందింపదలచినవారు దీనిని మొదట ఒప్పుకొనవలెను.

ఇక అసలు విషయము: పాసు.

నెలకొకసారి సొమ్ము ముందుగా చెల్లించి ఎన్నిసార్లైనను ప్రయాణించు పద్ధతి రైలు సంస్థలలో పాతది. ముంబయి లోకలు రైళ్ళలో రెండవ తరగతి నెల పాసు ధర చాలకాలముగా సుమారు పదునైదు ఒంటి ప్రయాణముల ధరకు సమానముగా నుండెడిది. 2014 జూనులో దీనిని ముప్పది ప్రయాణములకు పెంచదలచి ప్రకటింపగా నగరమంతయు గగ్గోలెత్తినది. కొలది దినములలోనే రైల్వేశాఖ ఆ పెంపును ఉపసంహరించుకొనెను. ఆ సందర్భములో పాసు ఎంత చౌకయో లోకమునకు తెలిసినది. కాని దాని రెండవ ముఖమును ఎవ్వరును చూడలేదు. మా ఏడవ తరగతి పిల్లలతో నేను ఈ లెక్క చేయించితిని. నెలకు ఇరువదియారు దినములు పని. పోవుట, వచ్చుట కలిసి ఏబదిరెండు ప్రయాణములు. పాసు గలవాడు పదునైదింటి సొమ్ముతో ఏబదిరెండు ప్రయాణములు చేయును. దినదినము టికెట్టు కొనువాడు ఏబదిరెండింటికిని చెల్లించును. అనగా ఒకే పెట్టెలో, ఒకే కమ్మిని పట్టుకొని నిలుచున్న ఇద్దరిలో ఒకనికి ప్రయాణము రెండవవాని ధరలో మూడవవంతుకంటె తక్కువకే దొరకుచున్నది.

"అయినచో ఆ రెండవవాడు పాసు కొనరాదా?" అని ఒక పిల్లవాడు అడిగెను. మంచి ప్రశ్న. జవాబును మరియొక పిల్లవాడే ఇచ్చెను. వాని తండ్రి నాకా కూలి. ప్రొద్దున్నే కూడలిలో నిలుచుండువాడు. నేడు అంధేరిలో పని, రేపు ఠాణాలో, ఎల్లుండి పనియే లేదు. పాసు రెండు స్టేషనుల నడుమ కట్టుబడినది. వాని పని ఏ రెండింటి నడుమను కట్టుబడలేదు. నెల మొదట చేతిలో సొమ్ము లేకుండుట ఒక కారణమే. కాని అంతకంటె లోతైన కారణము, నెలంతయు పని యుండునని వాడు మాట యియ్యలేకుండుట. పాసు అనునది భవిష్యత్తును ముందుగా చెప్పగలవానికి ఇచ్చు తగ్గింపు. నెలజీతగాడు చెప్పగలడు. దినకూలి చెప్పలేడు. ఈ తేడాను ఎవ్వరును పనిగట్టుకొని కల్పింపలేదు. గుమాస్తాలను దృష్టిలో బెట్టుకొని చేసిన ఏర్పాటు కూలివానికి శిక్షగా పరిణమించినది.

ఇప్పుడు సముద్రములు దాటి చూడవలసి యున్నది; ఏలయన ఈ చిక్కునకు విరుగుడు మొదట అక్కడ కనబడినది.

హాంకాంగు నగరమున 1997 సెప్టెంబరు 1న ఆక్టోపస్ అను కార్డు ప్రారంభమైనది. రైలు, బస్సు, పడవ అన్నింటికి ఒక్కటే కార్డు. సంచినుండి తీయకయే యంత్రముపై ఆనించిన చాలును. వేగమును గూర్చిన కథ అందరెరిగినదే. నన్ను ఆకర్షించిన విషయము వేరు. కార్డు కొనునపుడు ఏబది హాంకాంగు డాలర్లు డిపాజిట్టుగా తీసికొనిరి. ఆ డిపాజిట్టు అండతో, కార్డులోని సొమ్ము చాలకున్నను ముప్పదియైదు డాలర్ల వరకు అప్పుగా ప్రయాణింపనిచ్చిరి. రాత్రివేళ చివరి బస్సు దగ్గర సొమ్ము అయిపోయినవాడు నడివీథిలో నిలిచిపోకుండుటకు ఇది చాలును. మన కండక్టరు తన ఇష్టమువలన చూపిన దయను అక్కడ నియమముగా వ్రాసిపెట్టిరన్నమాట.

అదే కార్డు మరియొక పాఠమును గూడ నేర్పినది. ఎవడు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగెనో, ఏ అంగడిలో ఏమి వెచ్చించెనో కార్డు గుర్తుంచుకొనును. సుమారు ఇరువది లక్షలమంది ఖాతాదారుల వివరములను ఆ సంస్థ ఇతర వ్యాపారసంస్థలకు అందజేసి నాలుగున్నర సంవత్సరములలో 4 కోట్ల 40 లక్షల హాంకాంగు డాలర్లు గడించినదని 2010లో బయటపడినది; గొప్ప అలజడి కలిగి సంస్థ ముఖ్యాధికారి పదవి వదలవలసివచ్చెను. ఇది జ్ఞాపకశక్తి యొక్క దుర్వినియోగము. ఇక 2019 జనవరి 1నుండి ఆ నగరప్రభుత్వము మరియొక పని చేసినది. నెలలో ప్రయాణమునకు 400 డాలర్లకు మించి వెచ్చించినవారికి, ఆ మించిన దానిలో నాల్గవవంతు, 300 డాలర్లు మించకుండ, తిరిగి ఇయ్యసాగినది. దూరపు పేటలలో నుండి పనికి వచ్చువారికి ఇది ఊరట. ఎవరికెంత ఇయ్యవలెనో లెక్క చెప్పినది ఆ కార్డు జ్ఞాపకమే. ఒకే జ్ఞాపకము ఒకమారు ప్రయాణికుని అమ్మినది, మరియొకమారు ఆదుకొన్నది.

లండను నగరపు అనుభవము దీనికంటె విస్తారమైనది. కొంత నిలిచి చూడదగినది. అక్కడ ఆయిస్టర్ కార్డు 2003లో వచ్చినది. 2005లో దానికొక నియమమును జోడించిరి. దినములో ఎన్ని ప్రయాణములు చేసినను మొత్తము ఒక హద్దును దాటదు. హద్దు చేరిన తరువాత యంత్రము కార్డును గుర్తించును గాని సొమ్ము తీసికొనదు. చూచుటకు స్వల్పముగా తోచు ఈ మార్పులో ఒక పెద్ద తలక్రిందు జరిగినది. అంతవరకు దినపు పాసు కావలసినవాడు తెల్లవారగనే, తాను ఎన్నిమార్లు తిరుగునో ఊహించి, ముందుగా కొనవలెను. ఊహ తప్పినచో నష్టము అతనిదే. ఇప్పుడు ఊహింప నవసరము లేదు. తిరిగిన తరువాత కార్డే వెనుదిరిగి చూచి, "నీకు పాసు లాభకరమయ్యెడిది, కావున పాసు ధరయే తీసికొందును" అనును. పాసు భవిష్యత్తునకు తగ్గింపు. హద్దు గతమునకు తగ్గింపు. మన నాకా కూలి భవిష్యత్తును చెప్పలేడు గాని, గడచిన వారము ఎన్నిమార్లు తిరిగెనో ఆతని కార్డు తప్పక చెప్పగలదు.

2012 డిసెంబరులో లండను బస్సులలో బ్యాంకు కార్డునే యంత్రమునకు చూపి ఎక్కు పద్ధతి వచ్చెను; 2014 సెప్టెంబరు 16న భూగర్భరైళ్ళకు వ్యాపించెను. ఈ నడుమ 2014 జూలై 6న బస్సులలో నాణెములు తీసికొనుటయే మానివేసిరి. 2000లో నాల్గింట ఒక ప్రయాణమునకు నగదు చెల్లింపగా, ఆనాటికి నూటికి ఒకటికంటెను తక్కువయైనదనియు, నగదు మానుటవలన ఏటికి 2 కోట్ల 40 లక్షల పౌనులు మిగులుననియు సంస్థవారు చెప్పిరి. లెక్క సరియైనదే. కాని నూటికి ఒకటియైనను ఆ ఒకరు ఎవరు? బ్యాంకు ఖాతా లేనివారు, ఊరికి కొత్తవారు, రాత్రివేళ కార్డులో సొమ్ము అయిపోయినవారు. వారిని తలచియే, సొమ్ము చాలని ఆయిస్టరుపై మరియొక్క బస్సు ప్రయాణమును అనుమతించు నియమమును ఆ సందర్భముననే చేసిరి. హాంకాంగు దయయే ఇక్కడను.

అయినను పొరపాట్లు లేకపోలేదు. వారమునకు హద్దు విధించు సౌకర్యమును 2014లో బ్యాంకు కార్డు గలవారికి ఇచ్చిరి. ఆయిస్టరుపై భూగర్భరైలు ప్రయాణములకు అది 2021 సెప్టెంబరులో గాని రాలేదు. అనగా ఏడు సంవత్సరములు బ్యాంకు కార్డు లేనివాడు అదే ప్రయాణమునకు ఎక్కువ చెల్లించినను చెల్లింపవచ్చును. యంత్రము పాతదగుటచే ఆలస్యమని సమాధానము చెప్పవచ్చును. భారము మాత్రము మోసినవాడే మోసెను. ఇంకొకటి: ఆ వారము సోమవారముననే మొదలు కావలెను. గురువారమున పనిలో చేరి బుధవారము వరకు ఏడు దినములు చేసినవానికి అది రెండు ముక్కలైన వారము; హద్దు అందకపోవచ్చును. దిగునపుడు కార్డు చూపుట మరచినచో గరిష్ఠ శుల్కము పడును. ఊరికి కొత్తవాడు, వృద్ధుడు, చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లి, వీరే ఎక్కువగా మరచువారు. ఆయిస్టరు కార్డు వెలయు మొదట తిరిగివచ్చు డిపాజిట్టుగా నుండి, 2022లో తిరిగిరాని ఏడు పౌనులయ్యెను.

లండనులో నేను మిక్కిలి మెచ్చుకొను నియమము 2016 సెప్టెంబరులో వచ్చినది. ఒక బస్సు ఎక్కిన గంటలోగా మరియొక బస్సు ఎక్కినచో దానికి శుల్కము లేదు. 2018 జనవరి చివరినుండి ఆ గంటలో ఎన్ని బస్సులైనను ఎక్కవచ్చును. రైలు ఖరీదైనదని బస్సుననే పోవువాడు, తిన్నగా పోవు బస్సు లేక రెండు బస్సులు మారవలసినవాడు, ఇద్దరును ఒకే పేదవాడు. మార్గములను వేసిన తీరువలన కలిగిన రెండవ టికెట్టు అతని తప్పు కాదని ఆ నియమము ఒప్పుకొన్నది. ముంబయిలో స్టేషను వరకు ఒక బస్సు, దిగిన తరువాత మరియొక బస్సు ఎక్కు మన ఇండ్ల స్త్రీలను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఈ నియమము జ్ఞప్తికి వచ్చును.

న్యూయార్కు కథ క్లుప్తముగా చెప్పవచ్చును. అక్కడ 1998లో ఏడు దినముల, ముప్పది దినముల హద్దులేని పాసులు మెట్రోకార్డుపై వచ్చినవి. 2022 నాటికి ఒంటి ప్రయాణము రెండు డాలర్ల 75 సెంట్లు, వారపు పాసు 33, నెల పాసు 127. నెలకు 127 డాలర్లు ఒక్కసారిగా తీయలేనివాడు ఎక్కువ చెల్లించుట అక్కడ బహిరంగముగా చర్చింపబడినది. 2022 ఫిబ్రవరి చివర ఆమ్నీ అను కొత్త పద్ధతిలో, వారములో పండ్రెండు ప్రయాణములకు చెల్లించిన తరువాత మిగిలినవి ఉచితమనిరి. అక్కడను మొదట వారము సోమవారముననే మొదలయ్యెడిది. 2023 ఆగస్టులో దానిని సవరించి, ఎవడు ఏ దినమున మొదట ఎక్కునో ఆ దినమునుండియే వానికి ఏడు దినములు లెక్కించిరి. లండనులో మనము చూచిన గురువారపు చిక్కు ఇట్లు తీరినది. బ్యాంకు కార్డు లేనివారు అంగడిలో నగదిచ్చి ఆమ్నీ కార్డులో సొమ్ము వేసికొనవచ్చును. 2025 డిసెంబరు 31తో మెట్రోకార్డు అమ్మకము ముగిసినది.

మన దేశమునకు వత్తము. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరు 24న ప్రారంభమైన నాడే తాకినంతనే తెరచుకొను ద్వారములు, గుండ్రని టోకెన్లు, కార్డులు వచ్చినవి. లండనుకంటె మనము వెనుకబడి యుండలేదు. 2019 మార్చి 4న అహమ్మదాబాదులో ప్రధానమంత్రి ఆవిష్కరించిన జాతీయ సామాన్య కార్డు దేశములో ఏ నగరమునందైనను చెల్లవలెనను ఉద్దేశముతో వచ్చినది. ముంబయి బస్సులు 2022 ఏప్రిల్‌లో ఎక్కునపుడును దిగునపుడును కార్డు చూపు పద్ధతిని ప్రారంభించినవి. చెన్నై నగర బస్సులలో 2025 జనవరిలో సింగార చెన్నై కార్డు ప్రవేశించినది. యంత్రము వచ్చినది. నియమమో? మన నగరములలో విస్తారముగా కనబడునది తగ్గింపు శాతము: ఢిల్లీ మెట్రోలో కార్డు గలవారికి నూటికి పది, బెంగుళూరులో నూటికి అయిదు. దీని అర్థము, ముందుగా సొమ్ము వేసి ఉంచగలవానికి తక్కువ, ఏ పూటకు ఆ పూట చెల్లించువానికి ఎక్కువ. రూపము కొత్తది, నెల పాసు నాటి న్యాయమే ఇదియు. 2025 ఫిబ్రవరిలో బెంగుళూరు మెట్రో శుల్కములు పెరిగినప్పుడు, ద్వారము లోనికి పోవుటకు కార్డులో ఉండవలసిన కనీసపు సొమ్ము ఏబది రూపాయలనుండి తొంబదికి పెరిగినది. పది రూపాయల దూరము పోవువాడును తొంబది రూపాయలు కార్డులో కూర్చుండబెట్టవలెను. హాంకాంగువారు ముప్పదియైదు డాలర్ల అప్పు ఇచ్చిన చోట, మనము తొంబది రూపాయల అప్పు పుచ్చుకొనుచున్నాము!

రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ప్రయాణపు కార్డులను గూర్చి చేసిన సవరణలో మంచిచెడ్డలు రెండును కలవు. గుర్తింపు పత్రముల పరిశీలన లేకయే ఈ కార్డును ఇయ్యవచ్చుననిరి. మూడువేల రూపాయల వరకు సొమ్ము ఉంచవచ్చుననిరి. గడువు లేకుండ ఇయ్యవచ్చుననిరి. చిరునామా మాటిమాటికి మారు కూలివారికి ఇది గొప్ప ఉపకారము. కాని అందులో వేసిన సొమ్మును నగదుగా తీసికొనుట గాని, తిరిగి పొందుట గాని, ఇతరులకు పంపుట గాని కుదరదు. కార్డుకు మరణము లేదు, అందలి సొమ్మునకు విడుదల లేదు. అక్రమధనమును అరికట్టుటకు ఇట్టి నియమము అవసరమని నేనెరుగుదును. మూడువేలకు అవసరమైన నియమము ముప్పది రూపాయలకును అవసరమా అనునదే నా సందేహము.

స్త్రీలకు ఉచిత ప్రయాణమును గూర్చి ఒక మాట. తమిళనాడు ప్రభుత్వము 2021 మేలో సాధారణ నగర బస్సులలో దీనిని కల్పించెను. 2023 జూనులో కర్ణాటకమున శక్తి, ఆ డిసెంబరులో తెలంగాణమున మహాలక్ష్మి, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశమున స్త్రీశక్తి వచ్చినవి. మహారాష్ట్రములో 2023 మార్చినుండి రాష్ట్ర రవాణాసంస్థ బస్సులలో సగము శుల్కము. టికెట్టు చేతికి వచ్చును, ధర సున్న. ఇచ్చట మనవంటి పరరాష్ట్రపు తెలుగువారికి ఒక చిత్రమైన స్థితి ఏర్పడినది. నేను చెప్పిన ఆ తల్లి పండుగకు పాలమూరు పోయినది. ఊరి బస్సులో చెల్లెలి ప్రక్కన కూర్చున్నది. చెల్లెలికి సున్న టికెట్టు. అక్క ఆధారు కార్డుపై ముంబయి చిరునామా యుండుటచే ఆమెకు పూర్తి శుల్కము. పుట్టిన ఊరికి పోవుచు ఆమె పరాయిది. ప్రతి రాష్ట్రమును తన ప్రజలకే సౌకర్యము కల్పించుట సహజము. దానిని తప్పు పట్టను. కాని టికెట్టు ఒక మనిషిని ఎక్కడివాడో తేల్చు పత్రముగా మారినదని మన సంఘములు గుర్తింపవలసియున్నది.

భాషను గూర్చి ఉపాధ్యాయుడనైన నేను చెప్పకుండ లేను. ముంబయిలో యంత్రము తెరపై మరాఠీ, హిందీ, ఇంగ్లీషు కనబడును. చదువురాని తల్లికి మూడును ఒకటే. కార్డు చూపినప్పుడు మిగిలిన సొమ్ము తెరపై మెరసి మాయమగును, వెనుకవాడు త్రోయుచుండును. రంగును బట్టి ధర తెలిసికొన్న పాత టికెట్టులో చదువురానివానికి ఒక లెక్క చేతిలో మిగిలెడిది. సొమ్ము తక్కువైనచో ఎఱ్ఱదీపము, చాలినంత యున్నచో పచ్చదీపము, ఎంత తీసికొన్నదో బిగ్గరగా పలుకు గొంతు. ఇవి యంత్రమునకు కష్టమైన పనులు కావు. మా పాఠశాలలో ఇప్పుడు ఏడవ తరగతి పిల్లలు ఇంటివారి ప్రయాణపు లెక్కలను ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నారు. దినమునకు ఎన్ని బండ్లు, ఎంత సొమ్ము, దినపు హద్దు ఉండినచో ఎంత మిగిలెడిది అని మూడు గడులు. మూడవ గడి నింపునపుడు వారికి ఉత్సాహము హెచ్చు.

ఆ తల్లి కార్డును మరల చెప్పి ముగింతును. అది ఆమెకు మేస్త్రి ఇచ్చినది. దూరపు కట్టడమునకు పోవునన్నాళ్ళు వాడినది. పని ముగిసినది. ఆమె కూతురు స్టేషనుకు పోయి యంత్రమున చూచి వచ్చి, ముప్పదియొక రూపాయలున్నవని చెప్పినది. ద్వారము తెరచుటకు అవి చాలవు. బయటికి తీయుటకు వీలులేదు. ఇంకను సొమ్ము వేసి వాడుకొందమన్న ఆ మార్గమున ఆమెకు పని లేదు. "మీరెప్పుడన్న అటు పోతె వాడుకోండ్రి సారూ, నాకెందుకు" అని కార్డును నా బల్లపై నుంచిపోయినది. అది ఇంకను నా సొరుగులోనే యున్నది.